ముగ్గురు పెంచిన మొక్క

నది మలుపు, చెక్క ఇల్లు
వానలకు ముందు

బంకమ్మా,

పడవ దిగి తొమ్మిది రోజులైంది. ఇన్నాళ్ళూ ఉత్తరం లేదని మూతి ముడుచుకుని కూర్చుని ఉంటావు. ఏం చెయ్యను, కాగితం ఆరితే కదా రాయడానికి! ఇక్కడి గాలిలో సగం నీళ్ళే. కలం పెట్టగానే అక్షరాలు కాళ్ళు చాపుకుని పడుకుంటున్నాయి. ఈ కాగితాన్ని లాంతరు గాజు మీద వెచ్చబెట్టి, చల్లారేలోపు నాలుగు వాక్యాలు రాసి, మళ్ళీ వెచ్చబెడుతున్నాను. మధ్యలో గోధుమరంగు మచ్చలు కనిపిస్తే కంగారుపడకు.

"నలభై ఎనిమిదేళ్ళ ఆడమనిషిని ఒంటరిగా అడవికి పంపడం మన మ్యూజియం చరిత్రలోనే లేదమ్మా" అని డైరెక్టరుగారు చివరి రోజు దాకా అంటూనే ఉన్నారు. చరిత్రలో లేకపోతే పోయె, అడవిలో మాత్రం ఉన్నాను.

ఇల్లంటే ఒక్కటే గది. కర్రల మీద నిలబెట్టారు. పలకల సందుల్లోంచి కింద నీళ్ళు కనిపిస్తాయి. తెల్లవారుతూనే మంచు ఆ సందుల్లోంచి పైకి వచ్చి మంచం కింద పిల్లిలా చుట్టుకుని పడుకుంటుంది. కిటికీ తీస్తే నదీ లేదు, చెట్లూ లేవు, తెల్లగా పాలు. ఆ పాలలో ఎక్కడో ఒక పక్షి, బిందెలో చెంబు ముంచినట్టు "బుడుంగ్" అంటుంది. నేను మంచం మీద కూర్చుని, ఇది మెలకువో కాదో తేల్చుకోకుండానే టీ తాగేస్తున్నాను.

కోసిన పువ్వు ఇక్కడ గంటకు మించి నిలవదు. మొదటి పావుగంట గీత, తర్వాతి అరగంట రంగు, మిగిలిన సమయంలో సూదితో విడదీసి కేసరాలు లెక్కపెట్టడం. ఇరవై ఏళ్ళు మీ ఎండుమొక్కలను చూసి బొమ్మలేసిన దాన్ని కదా, మొక్క కదులుతుంటే గాభరాగా ఉంది. నిన్న ఒక పువ్వు, నేను గీస్తుండగానే, నా వైపు నుంచి వెలుతురు వైపుకు తల తిప్పేసుకుంది. కొత్తపెళ్ళికూతురు నయం.

నాకు సాయంగా ఒకావిడ ఉంది. చెట్ల బెరడు చెక్కి గుగ్గిలం తీయడం ఆవిడ పని. వయసు నా అంతే, ఎత్తు నా భుజం దాకా. మీ అన్నయ్య మొక్క బొమ్మ చూపించి, ఇది ఎక్కడుంటుందని అడిగాను. మీ అన్నయ్య పేరు పెట్టుకున్న మొక్కను మనిద్దరమూ ప్రాణంతో చూడలేదు కదా. ఆయన తెచ్చిన ఎండుకొమ్మను నువ్వు అట్ట మీద అతికించావు, ఆ అట్టను చూసి నేను గీశాను. ఆయన పోయి ఆరేళ్ళు. ఇప్పుడు కళ్ళారా చూస్తాను. నీకోసం కూడా చూస్తాను.

ఆవిడ బొమ్మను తిప్పి తిప్పి చూసి, "దీన్ని ఎక్కడ చూశారు మీరు?" అంది.

"మేం చూళ్ళేదు. మా ఆయన చూశారు."

"వానలు పడనీ. పైకెక్కి చూద్దువుగాని" అంది. ఎందుకో నవ్వుకుంటూ పోయింది.

వేళకి తిను.

నీ
వదిన


ఎండుమొక్కల మ్యూజియం, రెండో అంతస్తు
మధ్యాహ్నం, తిండి తిన్నాకే

వదినా,

తిన్నాను. కాబట్టి ఇక తిట్టొచ్చు.

పైకెక్కడం ఏమిటి? మన ఇంట్లో అటక ఎక్కడానికి నిచ్చెన నేను పట్టుకుంటే తప్ప ఎక్కవు నువ్వు. ఎక్కి "దించవే, దించవే" అంటావు. అలాంటిదానివి అన్నయ్య చెప్పిన ఆ ఎనభై అడుగుల చెట్టెక్కుతావా? ఆ గుగ్గిలం ఆవిడ కోతుల్లో పుట్టి పెరిగి ఉంటుంది, ఆవిడతో నీకు పోటీ ఏమిటి?

నా మాట విను. నేల మీద ఎన్ని మొక్కలు లేవు! వాటిని వెయ్యి. అన్నయ్య మొక్క బొమ్మ ఉండనే ఉంది, నువ్వు వేసిందే. ఇరవై రెండేళ్ళుగా అందరూ మెచ్చుకుంటున్నారు. మళ్ళీ దాన్నే వెయ్యడం ఎందుకు, ఉన్న ఊరికి కొత్త దారి వేసినట్టు?

ఇక్కడి సంగతులు. కింద కట్టిన కొత్త హాలుకు అన్నయ్య పేరు పెడుతున్నారు. నీ బొమ్మను గోడంత పెద్దది చేసి ఎదురుగా వేయిస్తున్నారు. పెయింటర్లు పరంజా కట్టారు. ఒక్కో ఆకు తలుపంత ఉంది. డైరెక్టరుగారు రోజుకు మూడుసార్లు ఆ కిర్రుబూట్లతో వచ్చి, "మీ అన్నగారు ఉంటే ఎంత సంతోషించేవారమ్మా" అంటారు. నేను తల ఊపుతాను. నా బల్ల మీద బంక గిన్నె ఎండిపోతుంటుంది.

మన వీధిలో గొడుగులు బాగుచేసే తాత నిన్ను అడిగాడు. అడవిలో ఉందంటే, "అక్కడ గొడుగు పనికిరాదమ్మా, వాన కిందనుంచి కూడా కురుస్తుంది" అన్నాడు. నిజమేనా?

చెట్టెక్కకు. ఒట్టు.

మరదలు


నది మలుపు
వానలు మొదలై పన్నెండో రోజు

బంకమ్మా,

నీ ఒట్టు వచ్చేసరికి నేను ఎక్కి దిగిపోయాను. పోస్టువాళ్ళను తిట్టుకో.

తాతకు చెప్పు, నిజమే. వాన పైనుంచి పడి, ఆకుల మీద విరిగి, పొగలాగా మళ్ళీ లేస్తుంది. గొడుగు కింద కూడా తడుస్తాం.

గుగ్గిలం తీసేవాళ్ళు పెద్ద చెట్లకు మెట్టు మెట్టుకీ కొయ్యమేకులు కొట్టి ఉంచుతారు. నడుముకు తాడు కట్టి ఆవిడ ముందు, నేను వెనక. చీర వల్ల కాలేదు. మీ అన్నయ్య పాత పంట్లాం, నడుము దగ్గర దారంతో బిగించి. మొదటి ఇరవై మేకులూ మన అటకే గుర్తొచ్చింది. "దించవే" అనబోయాను, అక్కడ నువ్వు లేవు. అందుకని ఎక్కాను.

సగం దూరం చీకటిగా, ఉక్కగా, సోడాబుడ్డి అడుగున ఉన్నట్టు ఉంటుంది. తర్వాత గాలి మారుతుంది. వాసన మారుతుంది. ఏదో తేనె, ఏదో తడిరాయి. ఒక్కసారిగా తల బయటికి వచ్చేసింది. బంకమ్మా, పైన ఇంకో నేల ఉంది. చెట్ల తలలన్నీ కలిసి కొండలూ లోయలుగా వెళ్ళిపోతున్నాయి. వాటి మధ్య మంచు, చెరువుల్లా నిలబడి ఉంది. కొమ్మల పంగల్లో మట్టి చేరి, ఆ మట్టిలో చిన్న తోటలు. అందులో కప్పలు! పుట్టి ఎన్నడూ నేల చూడని కప్పలు. సీతాకోకచిలుకలు మన కాళ్ళ కింద ఎగురుతుంటే ఎలా ఉంటుందో నీకెలా చెప్పను? కలలో ఎగురుతాం చూడు, చేతులు ఆడించకుండానే, అలా కూర్చున్నాను. ఎంతసేపో తెలియదు. గుగ్గిలం ఆవిడ నా మోకాలు తట్టి, "గీయడానికి వచ్చావా, నిద్రపోవడానికా?" అనేదాకా.

మీ అన్నయ్య మొక్క ఇంకా పూయలేదు. ఈ ఏడు పూస్తుందో లేదో.

వదిన


మ్యూజియం
పొద్దున్నే, ఎవరూ రాకముందు

వదినా,

ఈ మాటు తిట్లు లేవు.

ఇరవై రెండేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నాం. అన్నయ్య పోయిన మర్నాడు నువ్వు, "నాకు తలనొప్పి, అంతే" అన్నప్పుడు ఎలా అన్నావో, ఈ ఉత్తరం చివరి రెండు వాక్యాలూ అలా రాశావు. పైన రెండు పేజీలు సీతాకోకచిలుకలు, కప్పలు. ఏ మొక్క కోసం సముద్రం దాటి వెళ్ళావో దానికి మాత్రం రెండు ముక్కలా?

ఇంకొకటి. నీ ఉత్తరం మడతలో ఒక రేక చిక్కుకుని వచ్చింది. చివర చిన్న నొక్కు, అంచున సన్నటి నూగు. రంగు మాత్రం నీ బొమ్మలోలా ఎరుపు కాదు, మీగడ రంగు. రంగు వేరైనా ఆ నొక్కు నాకు తెలుసు. అలాంటి రేకలను నేను ఒకప్పుడు చిమటాతో పట్టుకుని ఒక్కొక్కటే సర్దాను.

పూసింది కదూ? ఏం చూశావు?

హాలు గోడ మీద బొమ్మ పూర్తయింది. వచ్చే నెలాఖరుకు ప్రారంభం. దాని కింద నించుంటే నా తల మీద ఒక ఆకు పడుతున్నట్టే ఉంటుంది.

చెప్పు వదినా. నేనేం చిన్నపిల్లను కాను.

మరదలు


నది మలుపు
వాన. ఏ రోజో లెక్క తప్పింది

అమ్మాయ్,

పూసింది. చెట్టెక్కిన రోజే చూశాను.

నీకు రాయకపోవడానికి కారణం, ఆయన నాకు మొగుడు కాకముందు నీకు అన్నయ్య. అమ్మా నాన్నా లేని నిన్ను ఎత్తుకు పెంచినవాడు. ఆయన ఫోటోకు నువ్వు రోజూ గాజు తుడుస్తావు. ఆ గాజు మీద మరక నా చేత్తో ఎలా పెట్టను?

కానీ అడిగావు. విను.

పైన కొమ్మ మీద కూర్చుని పక్కకు చూస్తే పువ్వులు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. గంటల్లా, నోరు కిందికి పెట్టి, మీగడ రంగులో. ఎర్రవి ఒక్కటీ లేవు. "ఎర్రగా ఉండాలే" అన్నాను. గుగ్గిలం ఆవిడ, "రాలి, ఒక పూట నేల మీద పడి ఉంటే ఎర్రబడతాయి" అంది. మీ అన్నయ్య నాకు ఎరుపు వెయ్యమన్నారు. మంకెన ఎరుపు. అంటే ఆయన నేల మీదివే చూశారు.

సరే, రంగుదేముంది అనుకుని తొడిమ వెంట వేలు పోనిచ్చాను, కొమ్మకు ఎక్కడ పుట్టిందో చూద్దామని. వేలు కొమ్మను దాటి, చుట్టూ తిరిగి, ఒక సన్నటి తీగ మీదకు పోయింది. నా బొటనవేలంత ఆకులున్న తీగ. పువ్వు ఆ తీగది. మనం గీసిన ఆ పెద్ద ఆకులేమో చెట్టువి. చెట్టు పువ్వులు వేరే, పచ్చగా ఆవగింజంత, ఎవరూ లక్ష్యపెట్టనివి.

నా ముఖం చూసి ఆవిడకు నవ్వాగలేదు. "మేం వీటిని అత్తాకోడళ్ళంటాం. కోడలు అత్త నెత్తినెక్కి సింగారించుకుంటుంది. అత్తేమో కిందికి దించలేదు, ఒప్పుకోలేదు. మీవాళ్ళు ఇద్దరినీ కలిపి ఒక్క మనిషిని చేశారా?" అని, కొమ్మ పట్టుకుని మరీ నవ్వింది. నేనూ నవ్వాను. తర్వాత ఏడ్చాను. ఆవిడ నా నడుం తాడు ఇంకో ముడి బిగించి, అటు తిరిగి కూర్చుంది.

నీ అన్నయ్యను తప్పుపట్టడం తేలిక. కానీ నా సంగతి? అట్ట మీద పువ్వూ కొమ్మా కలిసే చోట కాగితం పట్టీ అడ్డంగా ఉండేది. దాని కింద ఏముందో నాకు కనపడలేదు. చూడనిది గీయకూడదన్నది మా పనిలో మొదటి నియమం. నేను గీశాను. కణుపు, కణుపు మీద చిన్న పొలుసు, అందులోంచి వంపు తిరిగి లేచే తొడిమ. ఎంత అందంగా కుదిరిందో! అందరూ మెచ్చుకున్నది ఆ వంపునే. అది ఈ భూమ్మీద ఎక్కడా లేదు.

పోయే ముందు వారం ఆయన, "ఆ మొక్కని నువ్వొకసారి ప్రాణంతో చూడాలి" అన్నారు. ఆరేళ్ళు ఆ మాటను ప్రేమగా దాచుకున్నాను. చెట్టు మీద అర్థమైంది, అది తప్పు ఒప్పుకోలని. ప్రేమ కూడా అయ్యుండొచ్చు. రెండూ ఒక మాటలో పట్టవని ఎవరన్నారు?

రెండు మొక్కలనూ వేరువేరుగా గీశాను. ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. హాలు ప్రారంభం లోపల డైరెక్టరుగారికి ఇస్తావో, నీ పెట్టె అడుగున పెడతావో నీ ఇష్టం. నువ్వు ఏం చేసినా నేను ఎదురు చెప్పను. ఇక్కడికి వచ్చే ముందు నీ గుమ్మం దగ్గర నిలబడి వెళ్ళొస్తానన్నాను చూడు, అప్పటికన్నా ఇప్పుడు నీ దగ్గర ఎక్కువ బెరుగ్గా ఉంది నాకు.

వదిన


ఇంట్లో, మేడ మీది గది
ఆదివారం

వదినా,

నువ్వు రాసింది నాకు తెలుసు. అంతా కాదు. అతకలేదన్నది మాత్రం తెలుసు.

నాకప్పుడు పందొమ్మిదేళ్ళు. ఉద్యోగంలో చేరి మూడు వారాలు. అన్నయ్య జ్వరంతో ఎముకలగూడులా తిరిగొచ్చాడు, నీకు గుర్తుందిగా. మూట విప్పి ఒక కొమ్మా, విడిగా కొన్ని పువ్వులూ నా బల్ల మీద పెట్టాడు. నేను సర్దబోయి, "అన్నయ్యా, ఈ తొడిమ ఈ కొమ్మకు ఎక్కడా కుదరడం లేదు. కొమ్మ మీద పువ్వు ఊడిన గుర్తు కూడా లేదు" అన్నాను.

భూతద్దం అడిగి తీసుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"అతికించు" అన్నాడు.

"చెట్టు మీద చూశావా?"

"చూశాను." కిటికీ వైపు చూస్తూ అన్నాడు. "అతికించు, బంకమ్మా."

అడ్డంగా ఆ పట్టీ వేసింది నేనే వదినా. సరిగ్గా అక్కడే వేశాను. నువ్వు బొమ్మ గీస్తున్నప్పుడు నీ వెనకాల నిలబడి చూశాను. నువ్వు ఆ వంపు గీస్తుంటే, "ఆగు" అన్న మాట నోటి దాకా వచ్చింది. మింగేశాను. ఆ మొక్కను ముగ్గురం కలిసి పెంచాం. అన్నయ్య విత్తు వేశాడు, నేను అంటుకట్టాను, నువ్వు పూయించావు. నిన్ను చెట్టెక్కొద్దన్నది పడిపోతావని కాదు.

నీ ఉత్తరం చదివి అన్నయ్య ఫోటో ముందు కూర్చుని తిట్టాను. బతికుండగా ఒక్కమాట అన్నదాన్ని కాదు. గంటసేపు తిట్టాను. తర్వాత ఆకలేసింది. అన్నం తిని, గాజు తుడిచి పడుకున్నాను.

మర్నాడు ఆ అట్ట, నీ రెండు బొమ్మలూ తీసుకుని డైరెక్టరుగారి గదికి వెళ్ళాను. అంతా చెప్పాను, పట్టీ సంగతితో సహా. ఆయన బొమ్మలు చూశారు. లేచి తలుపు వేసి వచ్చారు.

"అమ్మా, మీ అన్నగారి పేరు. గోడ మీద బొమ్మ. వచ్చే వారం పెద్దలంతా వస్తున్నారు. ఎనభై అడుగుల ఎత్తున ఏముందో ఎవరు ఎక్కి చూస్తారమ్మా?"

"మా వదిన ఎక్కింది సార్."

ఆయన కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకోకుండా చేతిలోనే ఉంచుకున్నారు. మంచివాడే, భయస్తుడు. చివరికి, "నువ్వే వేశావుగా, నువ్వే విప్పు" అన్నారు.

గోరువెచ్చటి నీళ్ళు, సన్నటి కుంచె. నేను వేసిన బంక కదా, మొండిగా ఉంది. తడిపి ఆగాను, తడిపి ఆగాను. కాసేపటికి పట్టీ లేచింది. దాని కింద ఏమీ లేదు వదినా. అట్టే. తెల్లగా, ఎండ తగలని చోటు. పువ్వును ఎత్తుతుంటే ఒక రేక విరిగింది. దాన్ని చిన్న కవర్లో వేసి పక్కన పెట్టాను.

ఇప్పుడు రెండు అట్టలు. అన్నయ్య పేరు పువ్వుతో వెళ్ళింది, అదే నియమమట. కాబట్టి తీగ మీద అన్నయ్య ఉంటాడు. తొలిసారి తెచ్చింది తనే కదా, అది అబద్ధం కాదు. రిజిస్టరులో జరిగింది రాసి సంతకం పెట్టమన్నారు. నా చేత్తో రాశాను, నా తప్పని. హాలు ప్రారంభం జరిగింది, పేరు కూడా అన్నయ్యదే. గోడకు మాత్రం తెల్లసున్నం కొట్టారు. వచ్చినవాళ్ళకు డైరెక్టరుగారే నీ రెండు బొమ్మలూ చూపించి సంగతి చెప్పారు. వెనక వరసలో ఒకాయన, "ఆడమనిషి గీసింది నమ్మి గోడ చెరిపేశారా?" అన్నాడు. "గీసింది నమ్మి కాదండీ, ఎక్కింది నమ్మి" అన్నారు డైరెక్టరుగారు. ఆ మాట ఆయన నోట వస్తుందని నేననుకోలేదు.

చెట్టు అట్ట మీద "సరిచూసినవారు" అన్నచోట ఆయన "ఫలానావారి సతీమణి" అని రాయబోయారు. అన్నయ్య పుస్తకంలో నీ బొమ్మల కింద అలాగే ఉంది కదా. నేను కలం తీసుకుని నీ పేరు రాశాను. ఇంటిపేరుతో సహా, నీ పుట్టింటిది. నీ పూర్తి పేరు నా చేత్తో రాయడం అదే మొదటిసారి. ఎంత పొడుగు పేరు వదినా నీది! గడి సరిపోలేదు.

ఇంకొక్క మాట. మొక్కలు ఎండబెట్టే పని అక్కడే దగ్గరుండి చూసే మనిషి కావాలని డైరెక్టరుగారితో అన్నాను. "ఎవరున్నారు?" అన్నారు. ఇరవై రెండేళ్ళలో మ్యూజియం మెట్లు దాటి ఎక్కడికీ పోనిదాన్ని. చెట్టెక్కను. కింద నించుని తాడు పట్టుకుంటాను. రమ్మంటావా?

మరదలు


నది మలుపు
వాన తెరిపి ఇచ్చింది

పిల్లా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నాలుగోసారి గుగ్గిలం ఆవిడకు చదివి వినిపించాను. డైరెక్టరుగారి దగ్గర నువ్వన్న మాటకు ఆవిడ చప్పట్లు కొట్టింది. నిన్ను నేను కోప్పడాలంటే ముందు నన్ను కోప్పడాలి, అందుకు ఓపిక లేదు. ఆ పనికి తర్వాత కూర్చుందాం, ఇద్దరం, ఎదురెదురుగా.

రమ్మనడమేమిటి, మంచం చేయిస్తున్నాను. మడమలు మూసే బూట్లు కొనుక్కో, ఒక సైజు పెద్దవి. మేజోళ్ళు ఆరు జతలు. ఇస్త్రీ చీరలు పెట్టుకొచ్చావంటే నదిలో పారేస్తాను.

రేవు నుంచి ఇంటికి గంట నడక. నేను ఎదురొస్తాను. దారిలో నీకు మొదట ఏమీ కనపడదు, ముందే చెబుతున్నాను. ఇటు పచ్చ, అటు పచ్చ, నెత్తిన పచ్చ. ఇంత దూరం దీనికోసమా అనిపిస్తుంది. వెనక్కి పోదామనిపిస్తుంది. నాకు నాలుగు రోజులు అలాగే ఉంది. భయపడకు, నడుస్తూ ఉండు, మాట్లాడకు. ఎక్కడో ఒకచోట, ఎందుకో చెప్పలేం, ఒక్క ఆకు మిగతావాటినుంచి విడివడి నీకు కనిపిస్తుంది. దాని అంచు, దాని ఈనె, దాని మీద నిలిచిన ఒక్క బొట్టు. అది కనిపించిన క్షణం నా చెయ్యి పట్టుకుని ఆపు. ఏ ఆకైనా సరే. మనం అక్కడ కూర్చుని మొదలుపెడదాం.

వదిన